ఆర్ట్ జర్నల్ విభాగం వార్షిక నివేదిక: ముందు జిగురు, ఆపైన ముద్ర, చివర పేస్టల్

సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం కళా విభాగం ఈ ఏడాది ఆదివారం తరగతులన్నీ ఒకే పనికి కేటాయించింది. ఆయిల్ పేస్టల్స్, చెక్క అచ్చులు, రబ్బరు ముద్రలు, అతికించిన కాగితాలు కలిపి ఆర్ట్ జర్నల్ పేజీలు, అంటే బొమ్మల డైరీ పేజీలు, చేయడం ఆ పని. పేజీ చెడిపోతే "నాకు బొమ్మలు రావండీ" అని చాలామంది పక్కన పెట్టేస్తారు. బొమ్మలు రాకపోవడం వల్ల చెడిన పేజీలు తక్కువ. దేని మీద ఏది వేయాలన్న వరుస తప్పడం వల్ల చెడినవే ఎక్కువ. అందుకని ఈ నివేదికలో హాజరు లెక్కల బదులు పనివివరాలు రాస్తున్నాం. జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో కోశాధికారి చదువుతారు.

వరుస ఎందుకంత ముఖ్యమో ముందు చెప్పుకోవాలి. ఆయిల్ పేస్టల్‌లో రంగుపొడిని ఆరని నూనెతో, మైనంతో కలిపి కడ్డీగా పోస్తారు. ఆ నూనె ఎన్నాళ్లకీ గట్టిపడదు. ఏడాది కిందటి పేజీని వేలితో రుద్దినా రంగు అంటుతుంది. దాని మీద నీళ్లు కలిసినదేదీ నిలవదు. ఫెవికాల్ పూసిన కాగితం వారంలో ఊడొస్తుంది. నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగు పొరలు పొరలుగా లేస్తుంది. స్టాంప్ సిరా చుక్కలుగా విడిపోతుంది, పైగా ముద్రకు అంటిన మైనం ప్యాడ్‌లోకి చేరి ప్యాడ్‌ని కూడా పాడుచేస్తుంది. కాబట్టి తడి పనులన్నీ ముందు, ముద్రలు ఆ తర్వాత, పేస్టల్ అన్నిటికన్నా చివర. దీనికి ఒకే ఒక మినహాయింపు ఉంది, అది సంక్రాంతి తరగతి దగ్గర చెబుతాం.

పుస్తకం, కాగితం

బడి నోటుపుస్తకం కాగితం 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) లోపే ఉంటుంది. ఒక్క జిగురు పూతకే అది అలలు తేలుతుంది. కొత్తవారికి 140 జీఎస్ఎం కార్ట్రిడ్జ్ కాగితం (బొమ్మలకు వాడే మందపాటి కాగితం), తడి ఎక్కువ వాడేవారికి 200 పైన ఉన్నది సూచించాం. ఇంట్లో పాత అట్ట రిజిస్టరు ఉంటే దాన్నీ వాడుకోవచ్చు. రెండేసి పేజీలను ఫెవికాల్‌తో కలిపి అతికి, ఒక రాత్రి బరువు కింద ఉంచితే చాలు.

పేజీలు నిండేకొద్దీ పుస్తకం ఉబ్బి, అట్ట మూతపడకపోవడం చాలామందికి ఎదురైంది. దీనికి పని మొదలుపెట్టక ముందే చేయాల్సింది ఒకటుంది. ప్రతి మూడో పేజీని కుట్టు దగ్గర ఒక సెంటీమీటరు అంచు వదిలి కత్తిరించేయాలి. వెన్ను దగ్గర మిగిలిన ఆ అంచులు, తర్వాత అతికించబోయే కాగితాల మందానికి చోటిస్తాయి. కుట్టుదాకా కోస్తే మాత్రం అదే దారంతో కట్టిన అవతలి పేజీ కూడా వదులై రాలిపోతుంది.

అతికించడం

పలచని కాగితాలకు రెండు వంతుల ఫెవికాల్‌కు ఒక వంతు నీళ్లు కలపాలి. శుభలేఖ, అట్టముక్క, గుడ్డ వంటి వాటికి నీళ్లు కలపకూడదు. అంగుళం వెడల్పు చదును బ్రష్‌తో పేజీ మీదా, కాగితం వెనకా పలచగా పూసి, అర నిమిషం ఆగి అంటించాలి. ఆ ఆగడంలోనే పని ఉంది. కాగితం తడి పీల్చి సాగుతుంది. సాగకముందే అంటిస్తే అంటించాక సాగుతుంది, అప్పుడే ముడతలు వస్తాయి. పాత ఏటీఎం కార్డు అంచుతో మధ్య నుంచి బయటికి నెడితే లోపలి గాలి పోతుంది. తర్వాత బటర్ పేపర్ వేసి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచాలి. ఫ్యాన్ కింద ఆరబెట్టిన పేజీలు విల్లులా వంగిపోయాయి, ఎందుకంటే గాలి తగిలే వైపు ముందు ఆరి బిగుస్తుంది. అలా వంగిన పేజీకి వెనకవైపు కూడా పలచని ఫెవికాల్ పూత వేసి బరువు కింద పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

ఏ కాగితం ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవడానికే వర్షాకాలం తరగతులు సరిపోయాయి. వార్తాపత్రిక కాగితంలో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఉంటుంది కనుక వెలుతురుకి పసుపెక్కుతుంది. ఆ పాతరంగు కావాలనుకునేవారికి ఇబ్బంది లేదు, తెల్లగానే ఉండాలంటే మంచి కాగితం మీద జిరాక్స్ తీయించి అంటించాలి. రోజుకో కాగితం చింపే గోడ క్యాలెండర్ల తిథి కాగితాలు పలచగా ఉండి, జిగురు తాగి పేజీలో కలిసిపోతాయి. ఈ పనికి వాటంత చవకైన, అందమైన సరుకు ఇంకోటి లేదని మా అభిప్రాయం. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌తో తీసిన ఫొటో జిగురు తగలగానే రంగులు కారుతుంది. లేజర్ ప్రింటు, జిరాక్స్ కారవు. మిషన్ టికెట్లు, ఏటీఎం రసీదులు వేడికి నల్లబడే కాగితం మీద అచ్చవుతాయి. వాటి అక్షరాలు కొన్నాళ్లకి వాటంతటవే మాసిపోతాయి, జిగురు పూస్తే ఇంకా త్వరగా మాసిపోతాయి. ప్రయాణాల గుర్తుగా టికెట్లు దాచుకునేవారు ముందే జిరాక్స్ తీయించుకోండి.

నున్నటి పూత ఉన్న శుభలేఖలకు జిగురు పట్టదు. 220 నంబరు గరుకు కాగితంతో వెనకవైపు ఒకసారి గీసి, అప్పుడు అంటించాలి. దర్జీ దుకాణంలో దొరికే చీర అంచు ముక్కలకు కత్తిరించబోయే గీత వెంట పలచని ఫెవికాల్ రాసి, ఆరాక కత్తిరిస్తే పోగులు ఊడవు. పూలు, ఆకులు అంటించాలంటే వాటిని లావుపాటి పుస్తకం మధ్య రెండు మూడు వారాలు నొక్కి ఉంచి, పూర్తిగా ఎండాకే వాడాలి. పచ్చిదనం ఏమాత్రం మిగిలినా జిగురు కింద బూజు పడుతుంది.

మైదా జిగురు గురించి చాలామంది అడిగారు. అంటుకోవడంలో దానికి వంక పెట్టలేం, కానీ మన తేమకు బూజు, పురుగు రెండూ వస్తాయి. బైండింగు చేసేవారు అందుకే అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలు కూర్చునే బల్ల మీద అలాంటి జిగురు పెట్టకూడదని విభాగం నిర్ణయించింది.

అచ్చులు, ముద్రలు

కలంకారీ అద్దకానికి పేరున్న పెడన నుంచి తెప్పించిన పాత టేకు అచ్చులు ఇప్పుడు విభాగం దగ్గర ఉన్నాయి. బట్ట మీద అద్దకానికి గీత స్ఫుటంగా ఉండాలి. అంచు అరిగిన అచ్చు అక్కడ పనికిరాకపోయినా కాగితం మీద మెత్తని గీతనిస్తుంది, దాని మీద పేస్టల్ వేస్తే ఇంకా నిండుగా కనిపిస్తుంది.

కలంకారీ నలుపునే వాడదామని కొందరు అన్నారు. ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసే ఆ ద్రవం కరక్కాయ కషాయంలో ముంచిన బట్ట మీద నల్లబడుతుంది, మామూలు కాగితం మీద ఆ నలుపు రాదు. కాగితానికి కరక్కాయ పట్టించి నలుపు రప్పించినా, ఇనుము కలిసిన రంగు ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్నే తినేస్తుంది. అందుకే యాక్రిలిక్ వాడుతున్నాం. త్వరగా ఆరిపోకుండా రెండు చెంచాల రంగుకు నాలుగైదు చుక్కల గ్లిజరిన్ కలుపుతున్నాం. అంతకన్నా ఎక్కువ పోస్తే ముద్ర రోజులు గడిచినా జిడ్డుగానే ఉంటుంది.

చెక్క అచ్చు గట్టిగా ఉంటుంది కాబట్టి కాగితం కింద మెత్తదనం ఉండాలి. మూడు నాలుగు మడతలు వేసిన కంబళి చాలు. ఉత్త బల్ల మీద అద్దితే అంచులు పడి మధ్యలో తెల్లగా మిగిలిపోతుంది. రంగును పళ్లెంలో పోసి అచ్చును ముంచకూడదు, గాడులు నిండి బొమ్మ మూసుకుపోతుంది. తడి స్పాంజికి రంగు పట్టించి, అచ్చును దాని మీద తేలిగ్గా రెండుసార్లు తాకించాలి. కాగితం మీద పెట్టాక అరచేత్తో నిటారుగా ఒక్కసారి నొక్కి, నిటారుగానే తీయాలి. అటూ ఇటూ ఊపితే గీత జంటగా పడుతుంది.

కుట్టిన పుస్తకంలో నేరుగా అద్దడం కష్టం. వెన్ను దగ్గర పేజీ పల్లంగా ఉండి అచ్చు ఒకవైపే తగులుతుంది. క్యాలెండర్ కాగితాల మీద, పలచని చేతికాగితం మీద విడిగా అద్దుకుని, మంచివి ఏరి అంటించడమే మేలు. చెడిన ముద్రతో పేజీ మొత్తం పోదు, మిగిలిన ముక్కలు ఇంకో పేజీకి పనికొస్తాయి.

రబ్బరు ముద్రలు చెక్కడానికి మామూలు పెన్సిల్ రబ్బరే సరిపోతుంది. తెలుగు అక్షరం చెక్కేటప్పుడు తిరగేసి రాయాలని తంటాలు పడక్కర్లేదు. పలచని కాగితం మీద మెత్తని పెన్సిల్‌తో అక్షరం మామూలుగా రాసి, ఆ కాగితాన్ని రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దితే అక్షరం తనంతట తానే తిరగబడి పడుతుంది. చెక్కేటప్పుడు బ్లేడును గీత నుంచి బయటికి వాలుగా పట్టాలి. లోపలికి వాలిస్తే గీత అడుగున సన్నబడి, పదిసార్లు అద్దేసరికి తెగిపోతుంది. ఒత్తులు, గుడులు ఉన్న అక్షరాలను పెద్దవిగా చెక్కుకోవాలి, లేకపోతే సందుల్లో సిరా నిండి ఏ అక్షరమో తెలియదు.

ఆఫీసు ఊదారంగు స్టాంప్ ప్యాడ్ సిరా నీటికి కరుగుతుంది. దాని మీద ఫెవికాల్ పూత వేసిన చాలా పేజీలు ఊదాగా మారాయి. ఆరాక నీటికి కరగని సిరా కొనాలి, లేదా ఆ ముద్రలను తడి పనులన్నీ అయ్యాక వేసుకుని వాటి మీద తడి తగలనివ్వకూడదు.

వేసవి సెలవుల్లో పిల్లల తరగతిలో బ్లేడ్లు పెట్టలేదు. ఫోమ్ షీటు ముక్కలను సీసా మూతలకు అంటించి ముద్రలు చేయించాం. బెండకాయ, అరటి దవ్వ ముక్కలు కూడా బాగా పడ్డాయి. కోశాక గుడ్డ మీద బోర్లించి పావుగంట ఉంచితే నీరు దిగుతుంది. వెంటనే అద్దితే ఆ నీటికి రంగు పలచబడి మచ్చగా పడుతుంది.

పేస్టల్

దుకాణాల్లో ఆయిల్ పేస్టల్స్, సాఫ్ట్ పేస్టల్స్ ఒకేలాంటి డబ్బాల్లో ఉంటాయి. సాఫ్ట్ పేస్టల్ సుద్దలా పొడి రాలుతుంది, ఫిక్సేటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొడితే కొంత నిలుస్తుంది. ఈ ఏడాది మేం పనిచేసింది ఆయిల్ పేస్టల్స్‌తో. జపాన్‌లో సకురా కంపెనీ 1925లో వీటిని బడిపిల్లల కోసం తెచ్చింది. 1949లో చిత్రకారుడు పికాసో కోసం పారిస్‌లోని సెనెలియే రంగుల సంస్థ మెత్తగా, రంగు నిండుగా ఉండే రకం తయారుచేసింది. పిల్లల రకం గట్టిగా, మైనం ఎక్కువగా ఉంటుంది. సన్నని గీతకి అదే మంచిది. నిండు పూతకు మెత్తని రకంలో తెలుపు, నలుపు, ఒక ఎరుపు, ఒక నీలం విడిగా కొనుక్కుంటే చాలు. పెద్ద పెట్టె అక్కర్లేదు.

ఆరిన ఫెవికాల్ మీద పేస్టల్ జారిపోతుంది, దానికి గరుకు కావాలి. కొన్న గెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే గరుకు పూత) లేకపోతే రెండు చెంచాల తెల్ల యాక్రిలిక్, ఒక చెంచా ఫెవికాల్, ఒక చెంచా జల్లించిన సుద్దపొడి, కొద్ది నీళ్లు కలిపి పలచగా పూయాలి. సుద్ద ఎక్కువైతే పేజీ తిప్పినప్పుడు పగిలి రాలుతుంది, తక్కువైతే మళ్లీ జారుతుంది. అంటించిన కాగితం కనబడాలనుకుంటే మొత్తం పూయకుండా గుడ్డతో అక్కడక్కడ రుద్దితే చాలు.

లేత రంగులు ముందు, ముదురువి తర్వాత. రంగులు కలపడానికి వేలు, చెవిపుల్ల చాలు. కొబ్బరినూనెతో కలిపితే నున్నగా వస్తుందని కొందరు ప్రయత్నించారు. గెస్సో లేని చోట ఆ నూనె కాగితంలోకి దిగి వెనక పేజీ దాకా మరకైంది. ఇది వద్దు. లేత పొర మీద నల్ల పొర వేసి, అగ్గిపుల్లతో గాని రీఫిల్ అయిపోయిన పెన్నుతో గాని గీకితే కింది రంగు పైకి తేలుతుంది. అచ్చు గీతల చుట్టూ ఇలా గీకిన పేజీలే ఈ ఏడాది ప్రదర్శనలో బాగున్నాయని మా ఉద్దేశం. మే ఎండల్లో కడ్డీలు మెత్తబడి గీత మొద్దుబారుతుంది, పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి వాడుకోండి.

సంక్రాంతి తరగతిలో వరుసను తిరగేశాం. తెల్ల కాగితం మీద తెల్ల పేస్టల్‌తో చుక్కల ముగ్గు గట్టిగా నొక్కి వేసి, పైన నీలం వాటర్ కలర్ పూశాం. మైనం నీటిని నెట్టేస్తుంది కనుక ముగ్గు తెల్లగా తేలింది. చేయి తేలికైన చోట గీత మునిగిపోతుంది. పేజీని కిటికీ వైపు ఏటవాలుగా పట్టి చూస్తే ఎక్కడ మైనం పడలేదో రంగు వేయకముందే కనిపిస్తుంది. ముగ్గు ఉన్న చోట ఇక ఏదీ అంటదు కాబట్టి, కాగితాలు అంటించే చోటు ముందే ఖాళీగా వదలాలి.

భద్రపరచడం, వచ్చే ఏడాది పనులు

పూర్తయిన పేజీల మధ్య బటర్ పేపర్ తప్పనిసరి. పేస్టల్ వేసిన పుస్తకం మీద బరువు పెట్టకండి, రంగు ఎదుటి పేజీకి దిగుతుంది. వానాకాలంలో ఫెవికాల్ పూతలు తేమకు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. పుస్తకాలను పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచాలి, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేయాలి.

వచ్చే ఏడాది పుస్తకాలు మనమే కుట్టుకోవడం నేర్పాలని, తెలుగు అక్షరాల ముద్రలు పూర్తిగా ఒక సెట్టు చెక్కించాలని విభాగం ప్రతిపాదిస్తోంది. రెండింటికీ సర్వసభ్య సమావేశంలో ఆమోదం కోరుతున్నాం. అచ్చులు ఇంటికి తీసుకెళ్లినవారు రంగు ఆరకముందే పాత పళ్ల బ్రష్‌తో కడిగి, నీళ్లలో నానబెట్టకుండా, నీడలో ఆరబెట్టి ఇవ్వాలి. గాడుల్లో యాక్రిలిక్ గట్టిపడితే దాన్ని తీయడానికి చెక్కనే గీకాల్సి వస్తుంది. ఇంకా తిరిగి ఇవ్వనివారు సమావేశం రోజున తెచ్చి విభాగానికి అప్పగించగలరు.