గురక ఆగినప్పుడు చూడండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో గురకకు చిట్కాలు వేశారు. ముక్కులో నెయ్యి చుక్కలు, పసుపు పాలు, పక్కకు తిరిగి పడుకోవడం. ఆఖరిదానితో నాకు పేచీ లేదు, కొందరికి నిజంగానే పనిచేస్తుంది. కానీ వ్యాసమంతా గురకంటే పక్కవాళ్ల నిద్ర చెడగొట్టే చప్పుడన్నట్టే సాగింది. ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతే ఏమిటన్నది ఒక్క ముక్క లేదు. అది నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు కావచ్చు, స్లీప్ అప్నియా అంటారు.

మా ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. రాత్రిళ్లు ఆయన గురక మధ్యలో తెగిపోయేది. పొట్ట ఎగిసిపడుతూనే ఉండేది, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగిలేది కాదు. కాసేపటికి గబుక్కున పెద్దగా ఊపిరి లాగి, అటు తిరిగి మళ్లీ మొదలు. పొద్దున్న అడిగితే "శుభ్రంగా పడుకున్నానే" అనేవారు. అని, కాఫీ చల్లారేలోపే పేపరు మీద (మీ పేపరే లెండి) కునుకు తీసేవారు. రెండు రకాల మాత్రలు వేసినా బీపీ దిగేది కాదు. చూపించుకున్న చోట వేలికి ఆక్సీమీటరు తగిలించి "ఆక్సిజన్ 98 ఉంది, ఢోకా లేదు" అని పంపేశారు. మెలకువగా కూర్చున్న మనిషికి అంత ఉండదా మరి!

హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినదాన్ని, కాస్త వివరంగా రాస్తాను. మెడకు రెండు పక్కలా, కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట బియ్యపు గింజంత కణుపు ఉంటుంది. పేరు కెరోటిడ్ బాడీ. రక్తంలో ఆక్సిజన్ పడిపోతే అది పసిగట్టి, నరం ద్వారా మెదడుకు కబురు పెడుతుంది. దాంతో మనిషికి సగం మెలకువ వచ్చి, మూసుకుపోయిన గొంతు తెరుచుకుంటుంది. ఊపిరిని నడిపించే ఈ ఏర్పాటు మీద చేసిన పనికే బెల్జియం శాస్త్రవేత్త కార్నీల్ హేమన్స్‌కు 1938 నోబెల్ వచ్చింది.

చిక్కంతా ఆ కబురు ఊపిరి దగ్గర ఆగకపోవడంలో ఉంది. కంగారు పడినప్పుడు ఒంటిని ఉరికించే సింపథెటిక్ నరాలూ రేగి, రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఎక్కుతుంది. స్లీప్ అప్నియా ముదిరితే ఇది గంటకు 30 సార్లు దాటుతుంది. రాత్రంతా ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉంటే ఆ కణుపు మరీ సున్నితమైపోయి, పగలు కూడా నరాల జోరు తగ్గదు. షికాగో విశ్వవిద్యాలయంలో నండూరి ప్రభాకర్ బృందం పరిశోధిస్తున్నది దీన్నే. ఆక్సిజన్ తగ్గితే ఆ కణుపులో హైడ్రోజన్ సల్ఫైడ్ పెరిగి, మెదడుకు కబురు వెళ్లేలా చేస్తుందట. మా స్కూలు ల్యాబులో కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టిన వాయువే! దాని తయారీని ఆపితే ఎలుకల్లో ఊపిరీ బీపీ కుదుటపడ్డాయి. మనుషులకు ఆ మందు ఇంకా రాలేదు.

ప్రస్తుతానికి ఉన్నది సీపాప్ మిషను. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ చూపించిన పద్ధతి. మాస్కులోంచి వచ్చే గాలి ఒత్తిడి గొంతును మూసుకోనివ్వదు. ఖరీదు బాగానే ఉంది. మా ఆయన మొదట్లో "ఇదేం గోల" అని మాస్కు పీకి పారేసేవారు, ఇప్పుడు ఊరెళ్లినా వెంట ఉండాల్సిందే. బీపీ అదుపులోకి వచ్చింది, మాత్రలు మాత్రం ఆగలేదు.

రాత్రంతా లారీలు తోలేవాళ్లూ, స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు చేసేవాళ్లూ ఉన్న ఊరు మనది. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు మీ పేజీ చదువుతారు. గురక ఆగి ఆగి వస్తుంటే ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపించమని ఈసారి రాయండి. మా వీడియో చూశాకే ఛాతీ డాక్టరు స్లీప్ స్టడీకి (రాత్రి నిద్రలో ఊపిరినీ ఆక్సిజన్‌నూ కొలిచే పరీక్షకు) రాశారు.

– ఒక రిటైర్డ్ టీచరు, గోపాలపట్నం, విశాఖపట్నం