గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అని చెప్పుకున్నాం

సంపాదకుడు గారికి,
నమస్కారం.

బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవారిని ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రులు ఆ ఆపరేషన్ వివరాలు, హెచ్చరికలు రాసిన ఒక చిన్న కార్డు తప్పనిసరిగా ఇచ్చేలా చూడాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఎందుకు కోరుతున్నానో తెలియాలంటే మా ఇంట్లో ఆడిన ఒక అబద్ధం సంగతి చెప్పాలి.

నాలుగేళ్ల క్రితం మా చెల్లెలికి హైదరాబాద్‌లో గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. అప్పటికి ఆమె బరువు 114 కిలోలు. షుగరు, మోకాళ్ల నొప్పులు, రాత్రిళ్లు ఊపిరాడక లేచి కూర్చోవడం. అవసరపడే చేయించుకుంది. కానీ ‘నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుందట’ అని నలుగురూ అంటారని ఆమె భయం. అందుకని గాల్‌బ్లాడర్‌లో రాళ్లుంటే తీయించామని బంధువులకు చెప్పాం. ఆ ఉపాయం నాదే. పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లు తప్ప ఏమీ లేవు, గాల్‌బ్లాడర్ తీసినా అలాంటి గాట్లే పడతాయి. అబద్ధం అతికినట్టు సరిపోయింది. రాజమహేంద్రవరంలో ఆమె అత్తవారింట భర్తకు తప్ప ఎవరికీ నిజం తెలియదు. డిగ్రీ చదువుతున్న కొడుక్కి కూడా చెప్పలేదు.

మొన్న సంక్రాంతి వెళ్లిన వారంలో, రాత్రి రెండు గంటలకు ఆ కొడుకే ఫోను చేశాడు. సాయంత్రం నుంచి అమ్మకు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, వాంతులు. నాన్న ఊళ్లో లేరు, ఫోను కలవడం లేదు. “ఇంతకుముందు ఏ ఆపరేషన్లు అయ్యాయని డాక్టరు గారు అడిగారు మామయ్యా, గాల్‌బ్లాడర్ ఒక్కటే అని చెప్పాను” అన్నాడు. వాడు నిజమనుకున్నదే చెప్పాడు.

ఆ డ్యూటీ డాక్టరును నేను ఒక్క మాట కూడా అనలేను. ఎదుట ఉన్నది అరవై ఎనిమిది కిలోల మనిషి. ఒకప్పుడు లావుగా ఉండేదని ఎవరికి తడుతుంది? గాల్‌బ్లాడర్ తీసేశారని విన్నాక ఆయన రాళ్ల సంగతి పక్కన పెట్టారు. నిజానికి త్వరగా బరువు తగ్గినవారికి రాళ్లు రావడం మామూలే, మా చెల్లెలి గాల్‌బ్లాడర్ ఎక్కడుండాలో అక్కడే భద్రంగా ఉంది. నొప్పికి డైక్లోఫినాక్ ఇంజెక్షన్ ఇచ్చేశారు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేయడానికి సిద్ధమవుతుండగా నేను ఫోనులో అసలు సంగతి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆయన మొదట అడిగింది అది ఏ రకం ఆపరేషన్ అని: “స్లీవా, బైపాసా? కాగితాలున్నాయా?”

కాగితాల కథ ఇంకొకటి. అసలు ప్రతులన్నీ క్లెయిము కోసం బీమా కంపెనీకి వెళ్లాయి. నకళ్లు మా ఇంటి బీరువాలో పాత పాసుబుక్కుల కింద ఉన్నాయి. నలభై పేజీలకు పైగా ఉన్న ఆ కట్టలో చేతి తొడుగుల బిల్లులు, గది అద్దెలు, మందుల చీటీలు ఉన్నాయి. డాక్టరుకు కావలసిన ఆపరేషన్ నోట్సు ఒక్క పేజీ. అది దొరికి, ఫొటో తీసి పంపేసరికి మూడు కావస్తోంది. తెల్లవారుజామున పెద్దాస్పత్రికి మార్చి, స్కాన్ తీసి, ఆపరేషన్ చేశారు. పేగు నల్లబడకముందే విడిపించగలిగారు.

జరిగిందేమిటో ఆ సర్జన్ గారు తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. బైపాస్‌లో కడుపును కోడిగుడ్డంత సంచిగా మిగిల్చి, పేగును కోసి, దారి మళ్లించి దానికి కలుపుతారు. అలా మళ్లించినచోట లోపల సందులు ఉంటాయి. ఒంట్లో కొవ్వు కరిగేకొద్దీ అవి వెడల్పవుతాయి. ఏ రోజైనా పేగు అందులో దూరి మెలిపడవచ్చు. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు కావచ్చు, ఏళ్ల తర్వాత కావచ్చు. ఒక్కోసారి స్కాన్‌లో కూడా స్పష్టంగా కనిపించదట. బైపాస్ అయిందని ముందే తెలిసిన డాక్టరుకే ఆ అనుమానం వస్తుంది.

ఆయన చెబుతుంటే నేను రాసుకున్నవే నేను అడుగుతున్న కార్డులో ఉండాల్సిన సంగతులు. అన్నిటికంటే పైన ఆపరేషన్ పేరు, తేదీ ఉండాలి. ‘బరువు తగ్గే ఆపరేషన్’ అంటే చాలదు. స్లీవ్‌లో కడుపును సన్నని గొట్టంలా మిగిల్చి పక్కభాగం తీసేస్తారు, పేగు జోలికి పోరు. బైపాస్‌లో దారే మారిపోతుంది. మినీ బైపాస్ అని మరొకటి ఉంది. ఏది జరిగిందో చిన్న బొమ్మతో చూపితే వంద మాటల పెట్టు. దాని కింద హెచ్చరికలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ జాతి నొప్పి మందులు బైపాస్ అతుకు దగ్గర పుండు చేస్తాయి, కాబట్టి వాడకూడదు. ముక్కు గొట్టాన్ని గుడ్డిగా దించకూడదు. భోజనమైన రెండు మూడు గంటలకు కళ్లు తిరిగి పడిపోతే ముందు చక్కెర చూడాలి, బైపాస్ అయినవారిలో కొందరికి అది హఠాత్తుగా పడిపోతుంది. తాగి పడిపోయాడనుకుని పక్కకు జరిగిపోతే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులకు గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసే షుగరు పరీక్ష కూడా వీరికి పడదు.

ఇంకొకటి నన్ను నిజంగా భయపెట్టింది. రోజుల తరబడి వాంతులవుతున్న ఇలాంటి మనిషికి గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్, అంటే బి1 విటమిన్, ఇవ్వాలట. ఒంట్లో అది అడుగంటి ఉన్నప్పుడు ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. మన దగ్గర నీరసం అన్న మాట పూర్తికాకముందే గ్లూకోజ్ సీసా వేలాడదీస్తారు. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా అంతే. కార్డు మీద ఈ ఒక్క వాక్యం తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి.

బ్లడ్ గ్రూపు, పడని మందులు, రోజూ వేసుకునే మాత్రలు, ఇంటివారి నంబరు, ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో రాత్రి కూడా ఎత్తే నంబరు ఎలాగూ ఉండాలి. ఒకవైపు తెలుగు, రెండోవైపు ఇంగ్లిష్. పిల్లల దగ్గరికని డాలస్ వెళ్లి ఆరు నెలలుండే తల్లిదండ్రులు మన వీధిలోనే ఎంతమంది లేరు?

అన్నీ ఫోనులోనే ఉన్నాయి కదా, కార్డెందుకు అని మా అబ్బాయి అడిగాడు. ఫోనులో పెట్టుకోవడం మంచిదే. తాళం తీయకుండానే ‘ఎమర్జెన్సీ’ నొక్కితే కనిపించేలా ఆరోగ్య వివరాలు రాసుకునే వీలు ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ ఉంది. మా ఇంట్లో ఆరు ఫోన్లు తీసి చూశాను, ఆరింటిలోనూ ఆ పేజీ ఖాళీ. 2021 సెప్టెంబరులో దేశమంతటికీ తెచ్చిన డిజిటల్ ఆరోగ్య మిషన్ కింద ఆరోగ్య రికార్డులను ఆన్‌లైన్‌లో ఒకచోట కలిపే పద్నాలుగు అంకెల ఆభా సంఖ్య కూడా మాకుంది. కానీ అందులోని రికార్డులు రోగి సమ్మతిస్తేనే తెరుచుకుంటాయి. సొమ్మసిల్లిన మనిషి ఓటీపీ చెప్పలేడు. పర్సులోని కార్డుకు ఛార్జింగూ అక్కర్లేదు.

ఆస్పత్రిలో రికార్డు ఉంటుంది కదా అని ధీమాగా ఉండేవారికి ఒక మాట. 2002 నాటి వైద్యమండలి నిబంధనల ప్రకారం డాక్టరు రికార్డు ఉంచాల్సింది చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు. మా చెల్లెలికి పేగు మెలిపడింది నాలుగో ఏట. అడిగితే 72 గంటల్లో నకలు ఇవ్వాలని కూడా అదే నిబంధన చెబుతోంది. ఇప్పటికే ఆపరేషన్ చేయించుకున్నవారు ఈ వారమే వెళ్లి ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి సమ్మరీ అడిగి తెచ్చుకోండి.

ఇది ఏ కొద్దిమంది ధనవంతులకో సంబంధించిన విషయమని అనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో మూడో వంతుకు పైగా అధిక బరువు ఉన్నవారే. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ లెక్క 40 దాటినా, 35 దాటి మధుమేహం వంటివి తీవ్రంగా ఉన్నా, షరతులకు లోబడి బీమా కూడా వస్తోంది. ఫ్లైఓవర్ల పక్కన హోర్డింగుల్లో ‘అప్పుడు, ఇప్పుడు’ ఫొటోలు చూస్తూనే ఉన్నాం. ‘ఆ తర్వాత’ ఏమిటో చెప్పే హోర్డింగు మాత్రం ఎక్కడా కనిపించదు. పేస్‌మేకర్ పెట్టినవారికి కార్డు ఇస్తారు. గర్భిణికి, పసిబిడ్డకు కార్డు ఉంటుంది. లక్షలు వసూలు చేసే ఆపరేషన్‌కు అట్టముక్క ఇవ్వడానికి ఏమి అడ్డం? అలాగే 108 సిబ్బంది బీపీ, షుగరు అడిగేటప్పుడు ‘బరువు తగ్గే ఆపరేషన్ ఏమైనా అయిందా’ అని కూడా అడగాలి. సన్నగా ఉన్నవారిని మరీ అడగాలి.

ప్రభుత్వం చేయలేని పని ఒకటుంది. దాచిపెట్టింది మేము. ఊరందరికీ చాటమని నేను చెప్పను. ఇంట్లో రాత్రిపూట ఆస్పత్రికి ఎత్తుకెళ్లగలిగిన ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి, అంతే. మా మేనల్లుడు నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు వాళ్లమ్మ కార్డు నకలు వాడి పర్సులో కూడా ఉంది. కార్డు మేమే టైపు చేయించి, సర్జన్ గారికి చూపించి, లామినేషన్ చేయించాం. అరవై రూపాయలైంది.

దాచవద్దని రాస్తూ నా పేరు వేయవద్దని కోరడం విడ్డూరంగానే ఉంటుంది. ఈ లేఖ ముందు మా చెల్లెలికే చదివి వినిపించాను. ఆమె బరువు 112 కిలోలని నేను రాస్తే కొట్టేసి 114 అని దిద్దింది. పేరు మాత్రం ఇప్పుడే వద్దంది.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
కూకట్‌పల్లి, హైదరాబాద్