కెమెలియానా, క్లెమాటిసా? ఈ అక్టోబరు నుంచి మా నర్సరీలో మార్పులు

మా నర్సరీకి వచ్చే మిత్రులందరికీ నమస్కారం.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కమ్మింగ్, జాన్స్ క్రీక్, సువానీ, ఆల్ఫరెటా ప్రాంతాల నుంచి మా దగ్గరకు వచ్చే తెలుగువారిలో ఎక్కువమంది మొదట కరివేపాకు, మల్లె, మందారం కుండీల కోసమే వస్తారు. చలి మొదలై ఆ కుండీలు గరాజ్‌లోకి చేరాక ఇంటి ముందు బోసిగా కనిపిస్తుంది కనుక, నేలలోనే ఉండి ఏటా పూలిచ్చే మొక్క ఏదైనా ఉందా అని అడుగుతారు. అలా అడిగినవారికి ఇంతకాలం కెమెలియా పొదను, క్లెమాటిస్ తీగను పక్కపక్కనే పెట్టి చూపిస్తూ వచ్చాం. ఈ అక్టోబరు నుంచి కెమెలియా రకాల సంఖ్యను పెంచుతున్నాం, క్లెమాటిస్‌ను వసంతంలో మాత్రమే అమ్మబోతున్నాం, క్లెమాటిస్‌లో ఒక రకాన్ని పూర్తిగా మానేస్తున్నాం. రెండింటిలో కెమెలియా ఖరీదైనది కాబట్టి ఇది లాభం కోసం చేస్తున్న పని అని ఎవరికైనా అనిపించవచ్చు. అందుకే కారణాలను వివరంగా రాస్తున్నాను.

రెండూ అందమైన పూలే అయినా ఇవి ఒకదానికి ఒకటి బదులు కావు. కెమెలియా ఏడాది పొడవునా ముదురాకుపచ్చగా నిగనిగలాడే పొద. మనం రోజూ తాగే టీ ఆకు కూడా ఈ కుటుంబంలోని మొక్కదే. కెమెలియాలో జపానికా అనే జాతి నిదానంగా పెరిగి పదేళ్లకో పదిహేనేళ్లకో మనిషి ఎత్తు దాటుతుంది, ఆ తరువాత దశాబ్దాల పాటు అక్కడే ఉంటుంది. క్లెమాటిస్ మాత్రం తీగ మొక్క. మేము అమ్మే రకాలన్నీ శీతకాలంలో ఆకు రాల్చి ఎండుపుల్లల్లా మిగులుతాయి. కిటికీ పక్కన నాలుగైదు అడుగుల వెడల్పు స్థలం ఖాళీగా ఉంటే అది కెమెలియా చోటు. అడుగు వెడల్పు నేల, దాని వెనక ఒక జాలీ ఉంటే అది క్లెమాటిస్ చోటు. స్థలం చూడకుండా ఫోటోలోని పువ్వును చూసి ఎంచుకున్నప్పుడే ఇబ్బంది మొదలవుతుంది.

మన ఉత్తర జార్జియా ఎర్రమట్టి ఆమ్ల స్వభావం కలది. కెమెలియాకు కావలసింది సరిగ్గా అదే. క్లెమాటిస్ కొద్దిపాటి ఆమ్లాన్ని తట్టుకుంటుంది కాని తటస్థానికి దగ్గరగా ఉన్న నేలలో మరింత బాగుంటుంది కనుక, చాలా ఇళ్లలో దానికి కొంత సున్నం వేయవలసి వస్తుంది. అయితే కొత్తగా కట్టిన ఇళ్ల పునాది పక్కన ఈ లెక్క తారుమారవుతుంది. కాంక్రీటు నుంచి, బిల్డరు పూడ్చిపెట్టిన సిమెంటు పెళ్లల నుంచి సున్నం మట్టిలోకి దిగి ఆమ్లత తగ్గుతుంది. అలాంటి చోట పెట్టిన కెమెలియా ఆకులు ఈనెలు పచ్చగానే ఉండి మధ్యభాగం పసుపు రంగుకు తిరుగుతాయి. మొక్క కొనేముందు మీ కౌంటీలోని యూనివర్సిటీ ఆఫ్ జార్జియా ఎక్స్‌టెన్షన్ (వ్యవసాయ సలహా) కార్యాలయంలో మట్టి పరీక్ష చేయించుకోండి. దానికయ్యే ఖర్చు ఒక మొక్క ధర కన్నా చాలా తక్కువ.

నాటే పద్ధతి కూడా రెండింటికీ పూర్తిగా వేరు. మా దగ్గర కొన్న మొక్క చనిపోయిందని వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ తేడా దగ్గరే తేలాయి. కెమెలియా వేళ్లు పైపైన పరచుకుంటాయి, నీరు నిలిస్తే కుళ్లుతాయి. కాబట్టి కుండీలోని వేరుముద్ద పైభాగం నేలమట్టానికి ఒకటి రెండు అంగుళాలు ఎత్తులో ఉండాలి, చుట్టూ పైన్ ఆకులు పరచాలి, కాండానికి మాత్రం అవి తగలకూడదు. ఊళ్లో కొబ్బరిమొక్కకు తీసినట్టు లోతైన పాదు తీసి రోజూ నీళ్లు నింపితే ఈ బంకమట్టిలో కెమెలియా బతకదు. పెద్దపూల క్లెమాటిస్ విషయం దీనికి సరిగ్గా వ్యతిరేకం: దాన్ని రెండు మూడు అంగుళాలు లోతుగానే పెట్టాలి, ఎందుకంటే ఉన్నట్టుండి తీగంతా వాడిపోయే శిలీంధ్రపు తెగులు దానికి వస్తుంది, మట్టిలోపల కణుపులు ఉంటే తెగులు పైభాగాన్ని చంపినా కింది నుంచి కొత్త చిగురు వస్తుంది. అలా వాడిన తీగను చూసి వెంటనే పీకేయకండి. నేల దాకా కత్తిరించి, కత్తిరించిన భాగాన్ని చెత్తలో వేసి, మళ్లీ వసంతం దాకా ఆగండి.

ఎండ గురించి ఒక మాట. జపానికాకు ఉదయపు ఎండ, మధ్యాహ్నం నీడ కావాలి. పడమటి గోడకు ఆనుకుని పెడితే జూలైలో ఆకులు కాలిపోతాయి. కెమెలియాలోనే మరొకటైన ససాంక్వా జాతి ఎండను ఇంకాస్త బాగా ఓర్చుకుంటుంది. క్లెమాటిస్ తీగకు ఆరు గంటల ఎండ ఉండాలి, దాని మొదలు మాత్రం నీడలో చల్లగా ఉండాలి. మన వేసవిలో ఈ రెండు షరతులూ ఒకేచోట కుదరడం కష్టం. తారురోడ్డు పక్కన నిలువునా ఎండలో ఉండే మెయిల్‌బాక్స్ దగ్గర పెట్టేవారు తీగ మొదట్లో ఏదైనా చిన్న మొక్కను నీడకు నాటుకోవాలి. పైగా క్లెమాటిస్ తన ఆకుకాడలను మెలివేసుకుని ఎక్కుతుంది కాబట్టి, లావుపాటి కొయ్యస్తంభాన్ని పట్టుకోలేదు. స్తంభానికి సన్నటి లోహపు తీగో వలో చుట్టి ఇవ్వాలి.

ఇక పూత. ఈ నిర్ణయంలో నా మొగ్గు ఎటో తేల్చింది ఇదే. ససాంక్వా కెమెలియాలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా పూస్తాయి. జపానికాలు రకాన్ని బట్టి డిసెంబరు నుంచి మార్చి దాకా పూస్తాయి. కార్తీకమాసం, ధనుర్మాసం, సంక్రాంతి, శివరాత్రి అన్నీ ఈ కాలంలోనే వస్తాయి. పెరట్లో మరే పువ్వూ దొరకని ఆ రోజుల్లో దేవుడికి నాలుగు పూలు కోసుకోగలగడం మా దగ్గరకు వచ్చే పెద్దవాళ్లకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. పసుపుపచ్చని కేసరాలతో ఎర్రటి ఒంటిరెక్క పువ్వు కావాలంటే యూల్‌టైడ్, తెలుపు కావాలంటే సెత్సుగెక్క, కిటికీకి అడ్డురాని పొట్టి పొద కావాలంటే షిషి గషిరా, నిండైన ఎర్రపువ్వు కావాలంటే జపానికాలో ప్రొఫెసర్ సార్జెంట్ అడగండి. మల్లెలాంటి వాసన మాత్రం ఆశించవద్దు, చాలా రకాలకు వాసనే ఉండదు. తొడిమ పొట్టిది కనుక మాల కట్టడం కూడా కష్టం. ఉరుళిలో నీళ్లు పోసి తేలవేస్తే బాగుంటుంది.

కెమెలియాకు లోపాలు లేవని కాదు. 2022 క్రిస్మస్ ముందు ఉష్ణోగ్రత ఫారెన్‌హీట్ 10 డిగ్రీల లోపుకు పడినప్పుడు విచ్చిన పూలు, విచ్చబోయే మొగ్గలు గోధుమరంగుకు మాడిపోయాయి. మళ్లీ అలాంటి చలి వచ్చినా అదే జరుగుతుంది, దానికి నేను హామీ ఇవ్వలేను. ఆకుల అడుగున తెల్లటి పొడిలా పేరుకునే పొలుసు పురుగు వస్తుంది, హార్టికల్చరల్ ఆయిల్‌తో (మొక్కలకు పురుగుమందుగా వాడే నూనె) ఆకుల అడుగుభాగం తడిసేలా పిచికారీ చేయాలి. పూరేకుల మాడు తెగులు శిలీంధ్రం రాలిన పూలలోంచి మట్టిలోకి చేరి కొన్నేళ్ల పాటు ఉండిపోతుంది కనుక, రాలిన పూలను ఏరి చెత్తబుట్టలో వేయాలి, కంపోస్టులో వేయకూడదు. మొగ్గలు వేసవిలోనే కడతాయి. అక్టోబరులో పొదను గుండ్రంగా కత్తిరించే తోటపనివారు ఆ ఏటి పూతను మొత్తం ట్రక్కులో వేసుకుని వెళ్లిపోతారు. కత్తిరింపు పూత అయిన వెంటనే చేయాలి.

క్లెమాటిస్ కత్తిరింపు దీనికన్నా తికమక పెడుతుంది. జాక్‌మనీ లాంటివి కొత్త కొమ్మ మీద పూస్తాయి, వాటిని ఫిబ్రవరి చివర అడుగు ఎత్తుకు నరికేయవచ్చు. నెల్లీ మోజర్ లాంటివి మొదటి విడత పాత కొమ్మ మీద పూస్తాయి, వాటిని అలా నరికితే ఆ పూత పోతుంది. అందుకే ఇకమీదట జాక్‌మనీ తరహా రకాలనే తెప్పిస్తున్నాం. నెల్లీ మోజర్ గులాబీ చారలు ఎండలో వెలిసిపోతాయి కాబట్టి దాన్ని తూర్పుగోడకు పెట్టుకోగలిగినవారికి మాత్రమే, ముందుగా చెబితే తెప్పిస్తాం. మార్చి నుంచి మాత్రమే అమ్మడానికి కారణం వేరే: శరత్తులో కొన్న కుండీ డిసెంబరుకు ఎండిపోయినట్టు కనబడుతుంది, బతికే ఉన్న మొక్కను చచ్చిందనుకుని వెనక్కి తెచ్చినవారు, పారేసినవారు ఉన్నారు.

పూర్తిగా మానేస్తున్నది స్వీట్ ఆటమ్ క్లెమాటిస్. సెప్టెంబరులో తెల్లటి నక్షత్రాల్లాంటి పూలతో, తీయటి వాసనతో కంచె నిండా అల్లుకుంటుంది, అడిగేవారూ చాలామంది. కాని ఆసియా నుంచి వచ్చిన ఈ తీగ గాలిలో తేలే గింజలతో అడవి అంచులకు పాకి అక్కడి మొక్కలను కప్పేస్తోంది; ఆగ్నేయ రాష్ట్రాల్లో దీన్ని దురాక్రమణ మొక్కల్లో చేర్చారు. అమ్ముడుపోయే మొక్కే అయినా దీన్ని ఇక తెప్పించను.

ఇంట్లో పసిపిల్లలు, కుక్కలు ఉన్నవారు మరొకటి గమనించాలి. క్లెమాటిస్ ఆకు నమిలితే నోరు మండుతుంది, వాంతులు కావచ్చు, దాని రసం చర్మానికీ దురద పుట్టిస్తుంది. కెమెలియాతో ఆ భయం లేదు.

ధర సంగతికి వస్తే, మూడు గ్యాలన్ల కుండీలోని కెమెలియా ధర ఒక గ్యాలన్ కుండీలోని క్లెమాటిస్‌కు రెట్టింపు కన్నా ఎక్కువే ఉంటుంది. కొమ్మ నుంచి వేరు తెప్పించి ఆ సైజుకు పెంచడానికి పెంపకందారుకు కొన్నేళ్లు పడుతుంది. తొందర లేనివారు ఒక గ్యాలన్ కెమెలియా తీసుకోవచ్చు, అదీ ఉంచుతున్నాం. కొనేముందు పెరిగిన పొదలను చూడదలిస్తే ఫిబ్రవరిలో మన జార్జియాలోనే ఉన్న ఫోర్ట్ వ్యాలీకి వెళ్లి అమెరికన్ కెమెలియా సొసైటీ వారి మాసీ లేన్ తోట చూసి రండి. మా దగ్గర ఉన్నవాటికన్నా ఎన్నో రెట్లు రకాలు అక్కడ ఉంటాయి.

ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులు కొమ్మ పట్టుకెళ్లవచ్చా అని అడుగుతుంటారు. తనిఖీ పత్రాలు లేకుండా మొక్కలను విమానంలో తీసుకెళ్లకూడదు, అదలా ఉంచినా హైదరాబాదు మే నెల ఎండలో ఈ రెండిటినీ నిలబెట్టడం వృథా ప్రయాస.

ఈ శరత్తుకు క్లెమాటిస్ కోసం ముందే డబ్బు కట్టినవారు మార్చి దాకా ఆగవచ్చు, ఆ మొత్తాన్ని కెమెలియాకు మార్చుకోవచ్చు, లేదా పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు. కెమెలియాలు అక్టోబరు మొదటి వారంలో వస్తాయి. వచ్చేటప్పుడు మీరు నాటదలచిన చోటును ఉదయం ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి ఫోటో తీసి తెండి.