ఓఎస్ ల్యాబ్‌లో లోకల్ సాకెట్లు రాయించండి

సంపాదకులకు,

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల గురించి మీ జిల్లా పేజీల్లో తరచూ చదువుతుంటాం. రాజాం, టెక్కలి, ఎచ్చెర్ల ఎక్కడైనా ఎక్కువగా కనిపించేవి వెబ్‌సైట్లు, సెన్సర్ బోర్డులు, ఈమధ్య చాట్‌బాట్లు. ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) మూలభాగమైన కెర్నెల్‌లో చెయ్యి పెట్టినవి అరుదు. ఓఎస్ ల్యాబ్ కూడా చాలాచోట్ల షెడ్యూలింగ్ లెక్కల్నీ బ్యాంకర్స్ అల్గారిథంనీ సీ ప్రోగ్రాములుగా రాసి, రికార్డు నింపి, సంతకం పెట్టించుకోవడంతో ముగుస్తోంది. ఆ సెమిస్టర్‌కు ఒక పని సూచించడానికే ఈ ఉత్తరం. ఒక చిన్న కెర్నెల్‌కు లోకల్ సాకెట్లు చేర్పించండి. దీనికి నెట్‌వర్క్ కార్డు అక్కర్లేదు, కంపైలర్ ఒకసారి దించుకున్నాక ఇంటర్నెట్టూ అక్కర్లేదు.

లోకల్ సాకెట్ అంటే ఒకే యంత్రంలోని రెండు ప్రోగ్రాములు కెర్నెల్ ద్వారా రెండువైపులా మాట్లాడుకునే దారి. 1983లో 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లో యాప్ తెరిచినప్పుడు, దానికి ప్రాసెస్ (నడిచే ప్రోగ్రాము) పుట్టించమన్న కబురు జైగోట్ అనే సిస్టమ్ ప్రాసెస్‌కు వెళ్లేది లోకల్ సాకెట్ మీదే. లినక్స్‌లో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ క్లయింటుకు 'లోకల్‌హోస్ట్' అని చెబితే అది నెట్‌వర్క్ దారి అయిన టీసీపీ జోలికి పోదు, సాకెట్ ఫైలు కోసం వెతుకుతుంది. మినీ ప్రాజెక్టుల కాలంలో ప్రతి ల్యాబ్‌లోనూ కనిపించే, సర్వర్‌కు కనెక్ట్ కాలేకపోయామనే ఎర్రర్ 2002 అక్కడిదే. ఆ సందేశం చివర బ్రాకెట్లో ఉండే అంకె చూడకుండానే పిల్లలు మైఎస్‌క్యూఎల్‌ను పీకి మళ్లీ ఎక్కిస్తారు. 2 ఉంటే ఆ పేరుతో ఫైలే లేదు. 13 ఉంటే ఫైలు మీద రాసే అనుమతి గానీ, దాని డైరెక్టరీలోకి వెళ్లే అనుమతి గానీ లేదు. 111 ఉంటే ఫైలుంది గానీ అవతల వినే సర్వర్ లేదు. వీటిలో 2, 111 ఎక్కడ పుడతాయో కెర్నెల్‌లో తామే రాసిన విద్యార్థికి విడిగా చెప్పక్కర్లేదు.

ఇందుకు మేం సూచించే కెర్నెల్ ఎంఐటీ బోధన కోసం 2006లో మొదలుపెట్టిన ఎక్స్‌వీ6, దాని రిస్క్-ఫైవ్ (ఒక ప్రాసెసర్ రకం) రూపం. కెర్నెల్ మొత్తం పదివేల లైన్లలోపే. క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో 128 ఎంబీ మెమరీ, 3 సీపీయూలతో లేస్తుంది కాబట్టి ల్యాబ్‌లో ఉన్న పాత యంత్రాలు చాలు. ఇందులో పైపులు (ఒకవైపే డేటా పారే దారులు) ఉన్నాయి, సాకెట్లు లేవు. పైపు కోడ్ ఒక్క ఫైలే. మొదటి వారం దాన్ని లైను లైనుగా చదివిస్తే సగం పని అయినట్టే.

పేర్ల జోలికి పోకుండా ముందు సాకెట్‌పెయిర్ రాయించాలి. ఒక్క కాల్‌తో రెండు డిస్క్రిప్టర్లు (తెరిచిన ఫైలును సూచించే అంకెలు) వస్తాయి, ఏ కొసలో రాసినా రెండో కొసలో చదువుకోవచ్చు. ఫైలు రకాల జాబితాలో సాకెట్ అనే కొత్త రకం చేర్చి, రీడ్, రైట్, క్లోజ్ మూడూ ఆ రకం చూసి సాకెట్ కోడ్‌కు మళ్లేట్టు చెయ్యాలి. ఎక్స్‌వీ6లో సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రాములు కెర్నెల్‌ను అడిగే సేవలు) 21, కొత్తవి 22 నుంచి వేసుకోవచ్చు. కనెక్షన్ నిర్మాణంలో ఒక లాక్ (ఒకసారికి ఒక్కరినే లోపలికి రానిచ్చే తాళం), రెండు రింగ్ బఫర్లు (చివరికొచ్చాక మళ్లీ మొదటి నుంచి నిండే తాత్కాలిక నిల్వలు), ఏ కొస తెరిచి ఉందో చెప్పే రెండు గుర్తులు సరిపోతాయి. ఫైలు నిర్మాణంలో తనది 0వ కొసో 1వ కొసో రాసి ఉండాలి. 0 వైపు రాసింది 1 చదివే రింగ్‌లో పడుతుంది.

బఫర్ కొలత దగ్గర తొందర పనికిరాదు. ఎక్స్‌వీ6 మెమరీ ఇచ్చేది 4096 బైట్ల పేజీల లెక్కన మాత్రమే. రెండు రింగులకూ చెరి 2048 ఇస్తే పేజీ వాటితోనే నిండిపోయి లాక్, కౌంటర్లు పక్క పేజీలోకి పోతాయి. కంపైలర్ ఏమీ అనదు, కెర్నెల్ మాత్రం సంబంధం లేని చోట ఎక్కడో కూలుతుంది. చెరి 1024 ఇవ్వడం క్షేమం. ఎంత చదివాం, ఎంత రాశాం అనే కౌంటర్లను సున్నాకు తిప్పకుండా పెంచుకుంటూ పోయి, బఫర్ కొలతతో భాగించిన శేషాన్ని స్థానంగా వాడాలి. రెండూ సమానమైతే ఖాళీ, తేడా 1024 అయితే నిండుగా ఉన్నట్టు. కొలత 1024లా రెండు ఘాతమే కావాలి. 1500 పెడితే 32 బిట్ల కౌంటర్ పొర్లిన క్షణాన స్థానం గెంతి, డేటా తారుమారవుతుంది. అది ఏ నాలుగు గిగాబైట్లు పారాకో జరుగుతుంది గనక పరీక్షలో దొరకదు.

లాక్ ఒకటే ఎందుకంటే, విద్యార్థులు సాధారణంగా కొసకొక లాక్ పెడతారు. ఈ కొస రాస్తూ తన లాక్ పట్టి అవతలి లాక్ కోసం ఆగుతుంది, అవతలి కొసా అదే పని తిరగేసి చేస్తుంది. ఒంటి కల్వర్టు మీద ఎదురుపడ్డ రెండు ట్రాక్టర్ల మాదిరి రెండూ అక్కడే ఉండిపోతాయి. లినక్స్‌లో సాకెట్‌కొక లాక్ ఉంది. అక్కడ రెండూ కావాల్సి వస్తే మెమరీ చిరునామా వరసలో పడతారు. మన పనికి జంటకు ఒక్క లాక్ చాలు.

నిద్రపుచ్చడం, లేపడంలో వచ్చే తప్పులు ఎప్పుడూ రెండే. బఫర్ ఖాళీయా అని చూసి, లాక్ వదిలి, తర్వాత నిద్రపోవడం ఒకటి. ఆ సందులో అవతలివాడు రాసి లేపితే ఆ పిలుపు గాలికి పోతుంది, చదివేవాడు ఇక లేవడు. ఎక్స్‌వీ6లో 'స్లీప్' అనే ఫంక్షన్ లాక్‌ను కూడా తీసుకునేది ఇందుకే. రెండోది, వైల్ ఉండాల్సిన చోట ఇఫ్ రాయడం. వేకప్ ఆ చానల్ (దేనికోసం ఆగారో ఆ గుర్తు) మీద పడుకున్న అందరినీ లేపుతుంది. ఫోర్క్ (ప్రాసెస్ తన నకలును పుట్టించడం) తర్వాత ఇద్దరు చదువుతుంటే మొదటివాడు డేటా పట్టుకుపోయి, రెండోవాడికి ఖాళీ బఫర్ మిగులుతుంది. ఆ లూప్‌లోనే ప్రాసెస్‌ను కిల్ చేశారేమో చూడాలి, లేకపోతే చంపినా చావని ప్రాసెస్ తయారవుతుంది.

ముగింపు నియమాలు కూడా ఇక్కడే తేల్చుకోవాలి. అవతలి కొస మూసినా బఫర్‌లో మిగిలింది ముందు ఇచ్చేసి, తర్వాతే రీడ్ సున్నా తిప్పాలి. రైట్ మాత్రం వెంటనే మైనస్ 1 (విఫలం). ఫోర్క్ తర్వాత తండ్రి ప్రాసెస్ తనకు అక్కర్లేని కొసను మూయకపోతే తనకే ఆ సున్నా ఎప్పటికీ రాదు. విద్యార్థులు 'సాకెట్ వేలాడుతోంది' అని తెచ్చే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది ఇదే. ఇది స్ట్రీమ్ (హద్దుల్లేని బైట్ల ప్రవాహం) కాబట్టి 10 బైట్లు, 20 బైట్లు విడివిడిగా రాసినా అవతల 30 ఒకేసారి రావచ్చు. సందేశాల హద్దులు కావాలంటే ముందు పొడవు పంపుకోవాలి.

పేర్ల దగ్గరికొస్తే పని ఫైలు వ్యవస్థలోకి దిగుతుంది. సాకెట్‌కు పేరు పెట్టే బైండ్ కాల్ కొత్త ఐనోడ్ (ఫైలు వివరాలు ఉండే నమోదు) రకం సృష్టించాలి. డైరెక్టరీ 1, ఫైలు 2, డివైస్ 3 ఉన్నాయి గనక సాకెట్‌కు 4. అదే పేరు ముందే ఉంటే ఎక్స్‌వీ6లోని క్రియేట్ దానంతటదే విఫలమవుతుంది, లినక్స్‌లో 98 అంకెతో వచ్చే ఎర్రర్‌కు ఇది సమానం. సాకెట్ పాయింటర్‌ను మెమరీలోని ఐనోడ్‌లోనే ఉంచాలి. డిస్కు ఐనోడ్‌లో పెట్టబోతే 64 బైట్లది 72 అయి, డిస్కు ఇమేజ్ తయారుచేసే ప్రోగ్రామే ఆగిపోతుంది. అది మంచికే, ఎందుకంటే రీబూట్ తర్వాత ఆ పాయింటర్‌కు అర్థం లేదు. సాకెట్ బతికున్నంతకాలం ఆ ఐనోడ్ మీద ఒక రిఫరెన్స్ పట్టుకోవాలి. ఐనోడ్ స్లాటును వేరే ఫైలుకు ఇచ్చే చోట పాయింటర్‌ను ఖాళీ చెయ్యాలి. క్లయింటు పిలిచే కనెక్ట్ ఆ పేరు వెతికినప్పుడు పాయింటర్ ఖాళీగా కనిపిస్తే, పైన చెప్పిన 111 పుట్టేది అక్కడే.

ఓపెన్‌ను మరిచిపోతారు. డివైస్ కానిదల్లా మామూలు ఫైలే అనుకుంటుంది అది. అక్కడ సాకెట్ రకాన్ని తిప్పికొట్టకపోతే, సాకెట్ ఫైలులోకి రాసింది నేరుగా డిస్కు బ్లాకుల్లో పడుతుంది. పేరు పొడవూ చూసుకోవాలి. లినక్స్‌లో సాకెట్ పాత్‌కు 108 బైట్లు, బీఎస్‌డీల్లో 104. ఎక్స్‌వీ6లో ఒక పేరుకు 14 బైట్లే, మిగతాది చప్పుడు లేకుండా కోసేస్తుంది. మొదటి 14 అక్షరాలూ కలిసిన రెండు సర్వర్లకు పేరు ఒకటే అవుతుంది.

సర్వర్ వినడం మొదలుపెట్టే లిజన్ కాల్, ఎదురుచూసే కనెక్షన్లకు ఒక క్యూ ఇస్తుంది. 8 స్థానాలు చాలు. కనెక్ట్ కొత్త కనెక్షన్ చేసి ఒక కొసను క్యూలో పెట్టి, సర్వర్ వైపు కనెక్షన్ అందుకునే యాక్సెప్ట్‌ను లేపి తిరిగొచ్చేస్తుంది. యాక్సెప్ట్ అయ్యేదాకా ఆగదు. క్యూ నిండితే ఆగాలి, ప్రమాదమంతా ఈ ఆగడంలోనే ఉంది. పాత్ వెతకడానికి మొదలుపెట్టిన లాగ్ (డిస్కు మార్పుల చిట్టా) లావాదేవీ ముగించకుండా నిద్రపోతే కమిట్ (మార్పుల ఖరారు) జరగదు, కాసేపటికి లాగ్ నిండి డిస్కులో రాసే ప్రతి ప్రోగ్రామూ ఆగిపోతుంది. ఐనోడ్ లాక్ పట్టుకుని నిద్రపోతే ఆ సాకెట్‌కు ఇంకెవరూ కనెక్ట్ కాలేరు, ఫైలును అన్‌లింక్ చెయ్యడానికీ వీలుండదు. ఆ రెండూ వదిలేశాకే నిద్ర. సర్వర్ మూసేటప్పుడు ఐనోడ్ లాక్ కింద పాయింటర్ తీసి, క్యూలో మిగిలినవాళ్లను లేపి, వాళ్ల కనెక్షన్లు మూసి, అప్పుడు స్పిన్‌లాక్ (పట్టుకున్నవాడు నిద్రపోకూడని లాక్) లేకుండా ఐనోడ్ వదలాలి. స్పిన్‌లాక్ పట్టుకుని వదిలితే, ఆ దారిలో నిద్ర తగిలిన రోజున 'షెడ్ లాక్స్' అంటూ కెర్నెల్ పానిక్ అవుతుంది (ఆగిపోతుంది). అన్నిసార్లూ కాదు, అదే దాని ఇబ్బంది.

తెరిచిన ఫైళ్లను సాకెట్ ద్వారా అవతలి ప్రాసెస్‌కు పంపే సౌకర్యం యూనిక్స్‌లో ఉంది. ఒక సెమిస్టర్‌లో దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. సాకెట్‌ను దాని గుండానే పంపి కొసలు మూసేస్తే దాని రిఫరెన్స్ లెక్క ఎప్పటికీ సున్నా కాదు. ఇందుకోసమే లినక్స్ ప్రత్యేకంగా చెత్త ఏరే కోడ్ పెట్టుకుంది. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2021-0920గా నమోదైన లోపం ఆ భాగంలోనిదే.

మార్కులు రికార్డుకు కాకుండా పరీక్షలకు ఇవ్వాలని మా మనవి. ఒక సీపీయూతో నడిచిందని ఒప్పుకోవద్దు. 3తోనూ, ఎక్స్‌వీ6 గరిష్ఠమైన 8తోనూ నడిపించాలి. కెర్నెల్‌తో వచ్చే యూజర్‌టెస్ట్స్ అనే పరీక్షల ప్రోగ్రాము చివర్లో ఖాళీ పేజీలు లెక్కిస్తుంది కానీ సాకెట్ల గురించి దానికి తెలియదు. వెయ్యిసార్లు కనెక్ట్ అయి మూసే చిన్న పరీక్షను అందులో చేర్పించండి, లీకులు బయటపడతాయి. ఒక ప్రాసెస్‌కు 16 డిస్క్రిప్టర్లే గనక, అవి నిండిన సర్వర్‌లో యాక్సెప్ట్ విఫలమైనప్పుడు తీసిన కనెక్షన్ ఏమైందో కూడా అడగండి. ఆఖరుగా, సర్వర్ బైండ్ అయ్యాక క్యూఈఎంయూను ఆపేసి మళ్లీ లేపి, సాకెట్ ఫైలు డిస్కులో అలాగే ఉండగా కనెక్ట్ చేయించండి. వేలాడకుండా, కూలకుండా వెంటనే మైనస్ 1 రావాలి. ఈ రెండు పరుగుల మధ్య యూజర్ ప్రోగ్రాములేవీ మార్చనివ్వొద్దు. మారిస్తే మేక్ (బిల్డ్ సాధనం) కొత్త డిస్కు ఇమేజ్ కడుతుంది, పాత సాకెట్ ఫైలు దాంతోపాటే పోతుంది.

ఇట్లు,
ఆపరేటింగ్ సిస్టమ్స్ బోధించే కొందరు అధ్యాపకులు,
విజయనగరం