అటక మీద ఉందేమో చూడరా

కందుకూరు,
18-2-2024.

ప్రియమైన మిత్రుడికి,

ఎలా ఉన్నావురా? మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లెమ్మను అడిగానని చెప్పు. ఫోన్ చేస్తే పది నిమిషాలకే నీ మనవడు లాక్కుంటున్నాడు. నేను చెప్పాల్సింది పది నిమిషాల్లో తెమిలేది కాదు. అందుకే కాగితం, కలం పట్టుకున్నాను.

డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, మన వైపు అంతకు ముందు నుంచే ఎడతెగని వాన. మన రిటైర్డు పంతుళ్ళ సంఘం గదిలో పడమటి గోడ నీళ్ళు పీల్చింది. దానికి ఆనించి ఉన్న బీరువా కింది అరలోకి తేమ దిగింది. నాలుగు రోజుల తర్వాత తలుపు తీస్తే బూజు వాసన గుప్పున కొట్టింది. రిజిస్టర్లు ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. సిరాతో రాసిన పేజీలు కొన్ని నీలంగా కరిగిపోయాయి. చేత్తో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయానురా. అవి ఎవరి చేతిరాతలో నీకు నేను చెప్పక్కర్లేదు.

మన కార్యదర్శి, నేను, ఇంకో ఇద్దరం కలిసి అన్నీ ఇంటికి చేర్చాం. ఎండలో పెడదామన్నారు ఒకరు. వద్దన్నాను, ఎండకు కాగితం పెళుసుబారుతుంది, అట్ట వంకర తిరుగుతుంది. నడవాలో చాప పరిచి, పేజీల మధ్య పాత పేపర్లు పెట్టి, ఫ్యాన్ వేసి, పూటకోసారి పేపర్లు మారుస్తూ వచ్చాం. మీ చెల్లెలు పాపం ఇరవై రోజులు ఆ నడవాలో అడుగు పెట్టలేకపోయింది, అయినా ఒక్క మాట అనలేదు. బాగా అతుక్కున్న పేజీల జోలికి వెళ్ళలేదు, ఆరాక కొన్ని వాటంతట అవే విడివడ్డాయి. చిరిగిన చోట సెల్లోటేపు వేయనివ్వలేదు. పాత పుస్తకాల్లో చూశాం కదా, అది కొన్నేళ్ళకు ఎర్రబడి అక్షరాలనే తినేస్తుంది.

ఆరబెట్టే పని కాస్తా చదివే పని అయింది. ముఖ్యంగా సభ్యత్వ దరఖాస్తులు. పుట్టిన తేదీ, మొదటి నియామకం, పనిచేసిన ఊళ్ళు, రిటైరైన తేదీ, పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు, భార్య లేదా భర్త పేరు, ఇద్దరి ఫోటో. మనం ఎన్నిసార్లు నింపించామో ఆ ఫారాలు! అప్పుడు ఖాళీలు పూరిస్తే చాలనుకున్నాం. ఇప్పుడు వరసగా చదువుతుంటే మన ప్రాంతం చరిత్ర అంతా అందులోనే కనిపిస్తోంది. పెద్దవాళ్ళ ఫారాల్లో మొదటి నియామకం దగ్గర 'నెల్లూరు జిల్లా బోర్డు' అని ఉంటుంది. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక చేరినవాళ్ళది 'పంచాయతీ సమితి'. ఎనభైల్లో మండలాలు వచ్చాక చేరినవాళ్ళది 'మండల పరిషత్'. బడి అదే, నల్లబల్ల అదే.

జిల్లా సంగతి ఇంకా విచిత్రం. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి వెళ్ళాయి. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఒకాయన ఫారంలో మూడు నియామకాలు, మూడు జిల్లా పేర్లు. ఆయన మాత్రం మన తాలూకా పొలిమేర దాటి పనిచేయనే లేదు! మళ్ళీ 2022 ఏప్రిల్ 4న మన కందుకూరు తిరిగి నెల్లూరు జిల్లాలోకి. అప్పుడు మీటింగులో పెద్ద చర్చే జరిగింది, ఈ పాత కాగితాలు ఒంగోలు శాఖకు ఇవ్వాలా, నెల్లూరుకు అప్పజెప్పాలా అని. ఎక్కడికీ వద్దని నేను గట్టిగా నిలబడ్డాను. ఈ ఊళ్ళో పాఠాలు చెప్పినవాళ్ళ కాగితాలు ఈ ఊళ్ళోనే ఉండాలి. జిల్లా గీతలు ఎన్నిసార్లు జరిగినా కాగితాలు జరగకూడదు. నువ్వుంటే నావైపే చెయ్యెత్తేవాడివి.

ఇక నీకు రాయాల్సిన అసలు సంగతి. మన సంఘం ఎలా పుట్టిందని ఎవరిని అడిగినా చెప్పే కథ ఒకటుంది కదా. 1983లో రామారావుగారి ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కు తగ్గించింది, ఒక్కసారిగా బయటికి వచ్చిన పంతుళ్ళంతా కలిసి సంఘం పెట్టుకున్నారని. సభ్యత్వ రిజిస్టరు చూస్తే ఆ దెబ్బ కళ్ళకు కడుతుంది. రిటైరైన తేదీ దగ్గర 28-2-1983, 28-2-1983, 28-2-1983 అని పేజీ పొడవునా అదే. ముందు రోజు దాకా బడి, మర్నాటి నుంచి ఇల్లు. కూతురి పెళ్ళికని, ఇంటి కప్పుకని ఇంకో మూడేళ్ళ జీతం లెక్కేసుకున్నవాళ్ళు వాళ్ళు. ఆ పేజీ తిప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. తర్వాత వయసు మళ్ళీ 58కి, 2014లో 60కి, 2022లో 62కి పెరిగిందని ఇవాళ తేలిగ్గా చెప్పేస్తాం.

కానీ కథ సరైంది కాదురా. రసీదు పుస్తకాల కట్ట ఒకటి అడుగున దొరికింది. అందులో చందా కట్టిన కౌంటర్ ఫాయిల్స్ 1981వి ఉన్నాయి! రెండు రూపాయలు, మూడు రూపాయలు. అంటే ఆ ఉత్తర్వుకు రెండేళ్ళ ముందే మన సంఘం ఉంది. 83లో వచ్చినవాళ్ళు సంఘాన్ని పెద్దది చేశారు, పుట్టించలేదు. మరి పుట్టించింది ఎవరు? ఏ ఇంటి అరుగు మీద? మనకు మిగిలిన మినిట్సు పుస్తకాల్లో పాతది తెరిస్తే మొదటి పేజీ పైన 'గత పుస్తకం 94వ పేజీ తరువాయి' అని ఉంది. ఆ గత పుస్తకం లేదు.

ఉలవపాడు నుంచి వచ్చే మన పెద్దాయనను అడిగాను. తొంభై దగ్గర పడ్డా జ్ఞాపకం చెక్కుచెదరలేదు. సంఘం సావనీరు (జ్ఞాపక సంచిక) వేద్దామనుకున్న ఏడు, చరిత్ర రాయడానికి ఆ పుస్తకం నువ్వు ఇంటికి తీసుకెళ్ళావన్నాడు. సావనీరు ఎలాగూ రాలేదు. తర్వాత నువ్వు ఇల్లు మారడం, మీ అక్కయ్య పోవడం, ఆ హడావుడిలో ఎవరికీ గుర్తులేకపోయింది. తప్పు పట్టడానికి రాయడం లేదురా. నీ దగ్గర ఉందంటే అది భద్రంగానే ఉందని నాకు ధైర్యం. అది ఈ బీరువాలోనే ఉండి ఉంటే ఈపాటికి ముద్దయిపోయేది.

ఈ పాత కాగితాలతో ఇప్పుడేం పని అని మన కొత్త సభ్యులు ఒకరిద్దరు అన్నారు. వాళ్ళకు నేను చెప్పింది నీకూ చెప్తాను. నిరుడు మనవాడొకడు పోయాడు. ఆయన భార్యకు ఫ్యామిలీ పెన్షన్ రావాలి. పీపీవోలో ఆవిడ పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. పుట్టింటి వాళ్ళు పిలిచే పేరు ఒకదాంట్లో, పెళ్ళయ్యాక అత్తగారు మార్చిన పేరు రెండోదాంట్లో. ఇద్దరూ ఒకరే అని రుజువు తెమ్మన్నారు ఒక ఆఫీసులో. నాలుగు నెలలు తిరిగింది, ఆటో ఛార్జీలకే అప్పు చేసింది. ఇరవై ఏళ్ళ కిందట ఆయన సంఘంలో చేరినప్పటి ఫారం మన ఫైలులో ఉంది. జంట ఫోటో, ఆవిడ రెండు పేర్లూ ఆయన స్వహస్తంతో, కింద సంతకం. మిగతా పత్రాలకు దాన్ని జతచేసి ఇచ్చాం. పని అయింది. పెన్షన్ పడిన రోజు ఆవిడ సంఘం గదికి వచ్చి ఆ ఫోటో ఒక్కసారి చూపించమంది. అంతవరకే చెప్తాను, మిగతాది రాయలేను.

ఫైళ్ళలో ఇంకోటి దొరికింది, నువ్వు సంతోషిస్తావు. నకారా కేసు తీర్పు సారాంశం, తెలుగులో, సైక్లోస్టైల్ చేసిన నాలుగు పేజీలు. 1982 డిసెంబర్ 17 నాటి సుప్రీంకోర్టు తీర్పు. 1979 మార్చి 31 అని ఒక గీత గీసి, అంతకు ముందు రిటైరైనవాళ్ళకు కొత్త పెన్షన్ లెక్క వర్తించదనడం చెల్లదని, పెన్షన్ దయతో ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని చెప్పింది. అది కేంద్ర ఉద్యోగుల కేసైనా, మన పల్లెటూరి పంతుళ్ళు దాన్ని తెలుగు చేసుకుని పంచుకున్నారు చూడు! ఏటా డిసెంబర్ 17న పెన్షనర్ల దినం నాడు దండలు, శాలువాలతోనే సరిపోతోంది. ఈసారి ఆ నాలుగు పేజీలు చదివి వినిపించాలని నా కోరిక.

సంతాప తీర్మానాల పుస్తకం గురించి ఎక్కువ రాయను. నీకు తెలిసిన పేర్లే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెను తుఫాను తర్వాత వసూలు చేసిన సాయం పద్దు నగదు పుస్తకంలో ఉంది. ఇల్లు పడిపోయిన మనవాళ్ళకు చాపలు, దుప్పట్లు కొన్న బిల్లుతో సహా పైసా తేడా లేకుండా రాసి ఉంది. లెక్కల మాస్టారి రాత.

ఇప్పుడు మినిట్సు, నగదు పుస్తకాలు పేజీ పేజీ ఫోన్‌లో ఫోటోలు తీయిస్తున్నాం. మా ఎదురింటి డిగ్రీ పిల్ల సాయం చేస్తోంది. సభ్యత్వ ఫారాలు మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దని గట్టిగా చెప్పాను. పీపీవో నంబర్లు, బ్యాంకు ఖాతాలు, వేలిముద్రలు ఉన్నాయి వాటిలో. పెద్దవాళ్ళను మోసం చేసే ఫోన్లు రోజూ వస్తున్న కాలంలో ఆ టెన్షన్ మనకొద్దు. అవి పెన్ డ్రైవులో పెట్టి తాళం వేస్తాం. బీరువాను గోడకు జానెడు దూరం జరిపాం, కింది అర ఖాళీగా ఉంచాం.

నువ్వు చేయాల్సింది రెండు పనులు. ఒకటి, అటక మీద ఆ ఆకుపచ్చ ట్రంకు పెట్టె తీయించి చూడు. నువ్వు మాత్రం స్టూలెక్కొద్దు, అబ్బాయిని ఎక్కమను. ఎర్ర కాలికో బైండు, అట్ట మీద తెల్లకాగితం అంటించి ఉంటుందని పెద్దాయన చెప్పాడు. దొరికితే కొరియర్‌లో పంపకు, నేనే వస్తాను. రెండోది, దొరికినా దొరక్కపోయినా నీకు గుర్తున్నది రాయి. మొదటి మీటింగులు ఎవరింట్లో జరిగేవని మన సీనియర్లు చెప్పుకునేవారో, ఎంత చిన్న సంగతైనా సరే. తేదీ గుర్తులేకపోతే, అప్పుడు నువ్వు ఏ ఊళ్ళో పనిచేస్తున్నావో అది రాయి, తేదీ మేం పట్టుకుంటాం.

లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చావా? నెలాఖరు దాకా ఆగకు. అక్కడి మీసేవలో వేలిముద్ర పడకపోతే ఫోన్‌లో ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చట, అబ్బాయిని అడుగు.

వేసవిలో ఉలవపాడు మామిడి రాగానే ఒక బుట్ట పట్టుకుని బస్సెక్కుతాను. ట్రంకు పెట్టె తీసిన రోజే ఫోన్ చెయ్యి, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే.

నీ
పాత బెంచీ మిత్రుడు