ఐసీయూ అరలో పొటాషియం ఎందుకు?

సంపాదకులకు,

ఐసీయూలో మందు తారుమారైందంటే అందరి వేళ్లూ నర్సు వైపే లేస్తాయి. ఫార్మసిస్టులమైన మేం ముందు మందుల అర చూస్తాం. ఒంట్లో పొటాషియం తగ్గితే ఎక్కించే పొటాషియం క్లోరైడ్ యాంప్యూల్ (చిన్న మందు బుడ్డి) 10 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ యాంప్యూల్ కూడా 10 మి.లీ. రెండింట్లోనూ రంగులేని ద్రవమే. పక్కపక్కనే పెడితే, రాత్రి మూడింటికి చెయ్యి దేనిమీద పడుతుందో చెప్పలేం. 15 శాతం పొటాషియం క్లోరైడ్ యాంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల (లవణాలను కొలిచే ప్రమాణం) పొటాషియం ఉంటుంది. పలుచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు.

సెలైన్‌లో కలిపినా గండం గడిచినట్టు కాదు. వేలాడుతున్న సీసాలోకే పొడిస్తే పొటాషియం అడుగున చేరి, మొదట అదే చిక్కగా దిగుతుంది. సీసాను కిందికి దించి, మందు కలిపి, పదిసార్లు తలకిందులు చేసి అప్పుడు తగిలించాలి. చేతి నరంలోకైతే గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటనివ్వకపోవడం మామూలు జాగ్రత్త.

ఇన్సులిన్‌ది ఇంకో తంటా. మన దగ్గర మి.లీ.కి 40 యూనిట్ల వయల్, 100 యూనిట్ల వయల్ రెండూ దొరుకుతాయి. 100 యూనిట్ల వయల్‌లోని మందును, 40 యూనిట్ల వయల్ కోసం చేసిన ఎర్రమూత సిరంజితో 10 గీత దాకా లాగితే వెళ్లేది 25 యూనిట్లు! ఇక ముక్కు గొట్టంలో వేయడానికి ఎస్ఆర్ మాత్రలు, అంటే మందును నెమ్మదిగా వదలాల్సినవి, నూరేయడం సరేసరి.

చిక్కటి పొటాషియాన్ని వార్డు అరల్లోంచి తీసేసి ఫార్మసీలోనే ఉంచాలి. ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు మన దేశంలో 2008లో మొదలైంది. అది చదివినవాళ్లను ఉదయం రౌండ్లకు పిలిచి, మందుల చార్టు చేతికివ్వండి.

– ఆసుపత్రి ఫార్మసిస్టులు, విజయవాడ