‘ఉత్పత్తి’ కాదండీ, లబ్ధం: మీ క్లాస్‌రూమ్ సాఫ్ట్‌వేర్ మీద ఫిర్యాదు

పల్నాడు జిల్లా,
24 నవంబర్ 2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మా బడికి అమ్మిన డిజిటల్ క్లాస్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు మీడియం గణితం తప్పులు సరిచేయడం, లేదా మిగిలిన లైసెన్సు డబ్బు వాపసు ఇవ్వడం గురించి.

అయ్యా,

నేను ఒక ట్రస్టు నడిపే హైస్కూల్లో లెక్కల మాస్టర్ని. ఈ జూన్‌లో మీ దగ్గర మూడేళ్ల లైసెన్సు 1,86,000 రూపాయలు పెట్టి కొన్నాం. మా బడిలో చదివి వెళ్లిన పాత విద్యార్థులు తలా కొంత వేసుకుని పోగుచేసిన డబ్బు అది. ఇచ్చినవాళ్లలో ఆటో నడిపేవాళ్లున్నారు, మిర్చి యార్డులో గుమస్తా పని చేసేవాళ్లున్నారు. వాళ్లు ఎదురుపడి “కొత్త బోర్డు ఎలా ఉంది సార్?” అని అడిగినప్పుడల్లా ఏం చెప్పాలో తెలియక నీళ్లు నములుతున్నాను.

మీ యాప్‌లో ఇప్పటికి మూడుసార్లు కంప్లయింట్ పెట్టాను. మూడుసార్లూ రెండు రోజులు తిరక్కుండానే ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజ్ పంపి టికెట్ మూసేశారు. ఒకసారి ఫోన్ చేసిన అబ్బాయి బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేయమన్నాడు. చేశాను. తప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. అందుకే ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

మా 8వ తరగతి లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. తెలుగు పేజీలో ‘అకరణీయ సంఖ్యలు’ (ఇంగ్లీషులో రేషనల్ నంబర్స్) అని ఉంటుంది. మీ సాఫ్ట్‌వేర్ అదే పాఠాన్ని ‘హేతుబద్ధ సంఖ్యలు’ అంటుంది. పుస్తకంలో వర్గమూలం, మీ దగ్గర ‘చదరపు వేరు’. పుస్తకంలో ఘాతాంకాలు, ఘాతాలు. మీ దగ్గర ‘ఘాతాంకాలు మరియు అధికారాలు’. సంఖ్యకు అధికారం ఎవరిచ్చారో మీకే తెలియాలి. బేసి సంఖ్య ఒకచోట ‘వింత సంఖ్య’ అయింది. ఇంగ్లీషు పాఠాన్ని మిషన్‌లో వేసి తిప్పి, వచ్చింది వచ్చినట్టు పెట్టేశారని, లెక్కలు తెలిసిన తెలుగువాడెవరూ ఒక్కసారైనా దాన్ని చదవలేదని చూడగానే తెలిసిపోతోంది.

ఆగస్టులో ఒకరోజు క్విజ్ పెట్టాను. స్క్రీన్ మీద మొదటి ప్రశ్న: ‘3/5 మరియు 10/9 యొక్క ఉత్పత్తి ఏమిటి?’ క్లాసంతా బిక్కమొహాలు వేసింది. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, “సార్, ఉత్పత్తి అంటే ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు వస్తాయో అదే కదా?” అంది. వాళ్లింట్లో మిరప వేస్తారు. ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేమీ లేదు. లబ్ధం (గుణిస్తే వచ్చేది, ఇంగ్లీషులో ప్రొడక్ట్) అని ఉంటే ముప్పై నలుగురిలో సగం మంది నోటిలెక్కతోనే చెప్పేవాళ్లు. నేను లబ్ధం అని చెప్పాక ఒక పిల్లాడు బోర్డు దగ్గరికొచ్చి 30/45 అని కొట్టాడు. ఠపీమని ఎర్ర ఇంటూ గుర్తు, దాంతోపాటు బజర్ మోత. 2/3 కొడితేనే ఒప్పుకుంటుందట. కనిష్ఠ రూపంలో రాయమని ప్రశ్నలో ఎక్కడా లేదు. నేనైతే ఆ 30/45 కి మార్కు వేసి, “ఇంకా చిన్నది చేయొచ్చేమో చూడరా” అనేవాణ్ని.

ఆ తర్వాత జరిగింది ఇంకా దారుణం. ‘p/q రూపంలో, q సున్నా కాకుండా రాయగల సంఖ్యలను ఏమంటారు?’ అన్న ఖాళీలో మా క్లాసులో లెక్కల్లో ముందుండే అమ్మాయి ‘అకరణీయ సంఖ్యలు’ అని టైప్ చేసింది. మళ్లీ ఎర్ర గుర్తు, మళ్లీ బజర్. పుస్తకం తెరిచి చూసుకుంది. మళ్లీ టైప్ చేసింది. మళ్లీ బజర్. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆ తప్పుని ఒప్పు చేయడానికి టీచర్‌కి ఒక బటన్ కూడా ఇవ్వలేదు మీరు. మార్కు మీ సాఫ్ట్‌వేర్ వేస్తుంది, దాని మీద నా మాట చెల్లదు.

వారం తర్వాత స్లిప్ టెస్ట్ పెడితే పదకొండు మంది ‘హేతుబద్ధ’ అని రాశారు. బోర్డు మీద రంగుల్లో కనిపించింది కాబట్టి అదే కరెక్టనుకున్నారు. పబ్లిక్ పరీక్ష పేపర్లో ఆ మాట రాదు, అకరణీయ సంఖ్య అనే వస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అకరణీయం అన్నది ఎవరో ఊరికే పెట్టిన పేరు కాదు. వర్గమూలం కింద చిక్కుకుని ఎంత చేసినా తేలని √2 లాంటిది కరణి. ఆ కోవలోవి కరణీయ సంఖ్యలు. అలా కానివి అకరణీయాలు. ఇది బోర్డు మీద రెండు నిమిషాల్లో చెప్తే పిల్లలకి జన్మలో మర్చిపోని విధంగా పట్టుబడుతుంది. మీ పదంతో ఆ దారే మూసుకుపోయింది.

అక్షరాల సంగతి కూడా చూడండి. మీ స్క్రీన్ మీద వత్తులు విడిపోయి ‘వర్‌గం’, ‘చతుర్‌భుజం’ అని వస్తున్నాయి. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉంది. ఇప్పుడు పది వేల ఫోన్‌లో కూడా వత్తులు సరిగ్గా వస్తుంటే మీ దగ్గర ఎందుకు రావడం లేదు?

‘నెట్ లేకపోయినా పనిచేస్తుంది’ అని మీ బ్రోచర్‌లో అచ్చు వేశారు. నిజానికి ఏడు రోజులకోసారి లైసెన్సు చెక్ అడుగుతుంది, ఓటీపీ మా హెచ్‌ఎం గారి ఫోన్‌కి వెళ్తుంది. ఆయన మండల ఆఫీసులో మీటింగ్‌లో ఉంటారు. నలభై నిమిషాల పీరియడ్‌లో పావుగంట ఓటీపీ కోసమే పోతుంది. చివరికి సుద్దముక్క తీసుకుంటాను.

కంప్యూటర్ అంటే గిట్టక రాస్తున్నానేమో అనుకుంటారని ఇదీ చెప్తున్నాను. అదే బోర్డు మీద జియోజీబ్రా వేసుకున్నాను. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో మార్కస్ హోహెన్‌వార్టర్ తన చదువులో భాగంగా మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. బడులకు ఉచితం. ఒకసారి ఎక్కించుకుంటే నెట్ అక్కర్లేదు, ఓటీపీ గొడవ లేదు. పేర్లు నేనే తెలుగులో రాసుకుంటాను. చతుర్భుజం గీసి, ఒక మూల పట్టుకుని లాగుతుంటే నాలుగు కోణాలూ మారిపోతాయి, మొత్తం మాత్రం 360 దగ్గర నుంచి కదలదు. “మూలని లోపలికి నెట్టేస్తే సార్?” అన్నాడొకడు. వాడినే నెట్టమన్నాను. ఒక కోణం 200 దాటిపోయింది, మొత్తం మళ్లీ 360. ఆ రోజు బెల్ కొట్టినా ఎవరూ లేవలేదు. సుద్దముక్కతో నేను చేయలేనిది అదొక్కటే, మిమ్మల్నుంచి ఆశించిందీ అదే. మీరిచ్చినవి ముట్టుకుంటే కదలని వీడియోలు.

మాకు కావలసింది ఇది. డిసెంబర్ 20 లోపు తెలుగు పదాలన్నీ మా పాఠ్యపుస్తకంలో ఉన్నట్టుగా మార్చండి. సమానమైన జవాబులు ఒప్పుకునేలా, టీచర్ మార్కు దిద్దుకునేలా ఏర్పాటు చేయండి. లైసెన్సు చెక్ ఏడాదికి ఒక్కసారే పెట్టండి. పదాల పట్టిక మీ దగ్గర లేకపోతే, తప్పూ ఒప్పూ పక్కపక్కన వేసి 63 పదాలు నేనే రాసి జతచేశాను, దానికి డబ్బు అడగడం లేదు. ఇవేవీ కుదరవంటే మిగిలిన రెండేళ్ల సొమ్ము 1,24,000 రూపాయలు ట్రస్టు ఖాతాకి తిప్పి పంపండి. ఆ తేదీ దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయిస్తాం. అప్పటికీ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్తాం. ట్రస్టు పెద్దలు ఇప్పటికే సరేనన్నారు.

ఈసారి ఫోన్ చేయకండి, తెలుగు చదవగలిగిన మనిషిని పంపండి. బుధవారం మూడో పీరియడ్ 8వ తరగతి నాదే. వెనక బెంచీలో కూర్చోబెడతాను.

ఇట్లు,
గణిత ఉపాధ్యాయుడు

జతచేసినవి: బిల్లు నకలు, బ్రోచర్ నకలు, స్క్రీన్ ఫొటోలు 14, పదాల పట్టిక.